కొమ్ముకోనం అని బోర్డు మీద రాసిన రోజు

సంచికకి ఏదైనా రాయమని మన బడి గ్రూపులో మెసేజ్ పెట్టగానే నాకు గుర్తొచ్చింది తొమ్మిదో క్లాసులో ఇంగ్లీషు సారు చెప్పిన ముసలాయన కథ. హెమింగ్వే రాసిన ద ఓల్డ్ మేన్ అండ్ ద సీ. మన ఇంగ్లీషు సంగతి ఆయనకి తెలుసు కాబట్టి పుస్తకం చేతిలో పెట్టుకుని పేజీ చదివి తెలుగులో చెప్పేవారు, మధ్యాహ్నం పీరియడ్లు, నాలుగైదు రోజులు పట్టింది.

క్యూబాలో శాంటియాగో అని ముసలి జాలరి, 84 రోజులుగా ఒక్క చేపా పడలేదు. మిగతా క్లాసుకి అదొక నంబరు. జాలరిపేట నుంచి వచ్చే మా అయిదారుగురికి మాత్రం కడుపులో ఏదోలా అయింది. ఇప్పుడు మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు, దానికే ఎన్నిళ్ళల్లో అప్పు పుడుతుందో చూస్తున్నాం కదా, 84 అంటే దాని మీద ఇంకో మూడు వారాల పైన.

ముసలాయనకి చివరికి పడ్డ చేపని సారు మార్లిన్ అన్నారు, ముక్కు దగ్గర కత్తిలాగా ఉంటుంది, 18 అడుగులు, ముసలాయన పడవ కంటే రెండడుగులు పొడుగు అన్నారు. వెనక బెంచీ నుంచి మావాడొకడు లేచి అది కొమ్ముకోనం సార్ అన్నాడు. సారు ఒక్క నిమిషం ఆగి, చాక్‌పీస్ తీసుకుని బోర్డు మీద పెద్దక్షరాల్తో కొమ్ముకోనం అని రాశారు. మా పేట మాట బడి బోర్డు మీద చూడ్డం నాకదే మొదలు. ఆ తర్వాత ఆయన ఫేదమ్ అంటే మేం బార, అదే రెండు చేతులూ చాపినంత కొలత, అని చెప్పడం, గేలాలు 40 బారల్లో ఒకటి, 75లో ఒకటి, 100లో, 125లో వేశాడని వినగానే మేం తలలూపడం. అందరికంటే నిటారుగా తాళ్ళు దించుతాడట, అదృష్టం ఉంటే మంచిదే గానీ తన పని తాను కచ్చితంగా చేసుకుంటే అది వచ్చిన రోజున సిద్ధంగా ఉంటానంటాడు. నేను ఇవాళ్టికీ ఏ ఫైలు పంపినా రెండోసారి చూసుకుని పంపడం అక్కణ్ణుంచి వచ్చిందే.

ఇంటికెళ్ళి తాతకి కథంతా చెప్పాను, ముసలాయనతో వేటకెళ్ళే కుర్రాణ్ణి వాళ్ళమ్మానాన్నా వేరే పడవకి పంపడం, రెండు రాత్రులు చేప పడవని లాక్కుపోవడం, చెయ్యి కొంకర్లు పోవడం, చివరికి చంపి పడవ పక్కన కట్టుకొస్తుంటే సొరచేపలు మొత్తం తినేయడం. తాత చుట్ట ఆర్పి ఒకటే అడిగాడు, "ఒక్కడూ ఎందుకెల్లాడ్రా, ఆ కుర్రోణ్ణి ఎంటెట్టుకోవాల గదా" అని. మర్నాడు సారుకి చెబితే, ఆ ముసలాయనా నడిసముద్రంలో అదే అనుకుంటాడురా, కుర్రాడుంటే బాగుణ్ణు అని మళ్ళీ మళ్ళీ అనుకుంటాడు, మీ తాత పుస్తకం చదవకుండానే పట్టేశాడు అన్నారు.

ఈ నవల గురించి ఎవరు మాట్లాడినా మనిషి ఓడిపోడు అన్న మాటే చెప్తారు. అది నిజమే, కాదనను. కానీ నాకు దాంట్లో అసలు మనిషి మనోలిన్, ఆ కుర్రాడు. వాళ్ళమ్మానాన్నా అచ్చిరాని పడవని మాన్పించి వేరే పడవకి పంపినా పొద్దున్నే ముసలాయనకి ఎర చేపలు తెచ్చిస్తాడు, ఆయన చేప అస్థిపంజరంతో తిరిగొచ్చి పడుకుంటే ఆ చేతులు చూసి ఏడ్చుకుంటూ కాఫీకి పరిగెడతాడు.

2014 అక్టోబరు 12 హుద్‌హుద్‌ తుఫానుకి మా నాన్న నావ పోయింది. నేను హైదరాబాద్ నుంచి ఎలాగో ఇల్లు చేరేసరికి ఒడ్డున ఇసుకలో అడుగుచెక్కా రెండు పక్క బద్దలూ తేలి ఉన్నాయి, చేప ముళ్ళలాగే. నాన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు. దారి పొడుగునా ఎన్నో ధైర్యాలు చెప్పాలనుకుంటూ వచ్చాను, ఆ వీపు చూడగానే అవన్నీ పోయి బోర్డూ సారూ గుర్తొచ్చారు. బయటికెళ్ళి ఎక్కడో గ్లాసుడు టీ సంపాదించి తెచ్చి పక్కన పెట్టి కూర్చున్నాను, నావ గురించి ఒక్క ముక్క అడగలేదు. చాలాసేపటికి లేచి తాగాడు. తాగి, మొదటగా అడిగింది ఇంజను దొరికిందా అని.

పోయిన నెల బడికెళ్ళినప్పుడు హెచ్చెమ్ గారిని అడిగాను, తొమ్మిదో క్లాసు పిల్లలకి ఈ కథ నేను చదివి చెప్తానని. శనివారం మధ్యాహ్నం ఆఖరి పీరియడ్ తీసుకోమన్నారు. పేట పిల్లలు ఇప్పుడూ ఉన్నారట, ఎనిమిది మంది.