మా నాయన చెయ్యి మళ్లీ పిడికిలి పట్టే దాకా

కాణిపాకం దగ్గర మా ఊళ్లో సంక్రాంతి దాటితే ఏ తోవన పోయినా బెల్లం వాసనే. మా నాయన చెరకు పండిస్తాడు, బెల్లమూ తనే వండుతాడు. ఈసారి పెనం దించేటప్పుడు ఒక పక్కకు ఒరిగి, ముదిరిన పాకం ఆయన కుడి చేతి మీద పడింది. మరిగే నీళ్లయితే పడి జారిపోతాయి. పాకం జారదు. వంద డిగ్రీలు దాటిన వేడితో చర్మాన్ని పట్టుకుని లోపలికి కాలుస్తూనే ఉంటుంది.

పక్కనున్న కూలీ పిల్లోడు ఆయన చేతిని బోరు నీళ్ల కింద పెట్టి గట్టిగా పట్టుకున్నాడు. ఎవరో ఇంకు తెమ్మన్నారు, ఎవరో టూత్‌పేస్టు అన్నారు. వాడు ఏదీ పూయనివ్వలేదు. తర్వాత ప్లాస్టిక్ సర్జన్ మేడం అందరికంటే ముందు మెచ్చుకున్నది ఆ పిల్లోణ్ణే. కాలిన చోట చల్లటి నీళ్లు ఇరవై నిమిషాలు ధారగా పడితే లోపలి పొరలకు వేడి దిగడం తగ్గుతుందట. మా వైపు వాళ్లం పెద్ద జబ్బయితే వేలూరుకు పోతాం. నేను తిరుపతిలోనే ఉంటాను కాబట్టి నాయన్ని ఇక్కడికే తెచ్చుకున్నాను.

కాలి చచ్చిపోయిన చర్మాన్ని ఆపరేషన్ థియేటర్లో తీసేశాక మేడం మమ్మల్ని కూర్చోబెట్టి ఫోటో చూపించింది. చేతి వెనక భాగంలో వేళ్లను లాగే టెండన్లు తెల్లగా బయటికి కనిపిస్తున్నాయి. అమ్మ చూడలేకపోయింది. నేను చూశాను, ఎందుకంటే ఎవరో ఒకరు అర్థం చేసుకోవాలి కదా.

చర్మంలో పైపొర పోతే ఒళ్లు దాన్ని మళ్లీ అల్లుకుంటుంది. కింది మందపాటి పొర, అంటే డెర్మిస్, పూర్తిగా పోతే పెద్దవాళ్లలో అది మళ్లీ పుట్టదు. ఒళ్లు గాయాన్ని అంచుల నుంచి లోపలికి గుంజుకుని మచ్చతో మూసేస్తుంది. వీపు మీద అయితే ఎట్లాగో బతకొచ్చు, చేతి మీద అట్లా జరిగితే వేళ్లు వెనక్కి లాక్కుపోయి బిగుసుకుంటాయి. తొడ నుంచి పలచటి చర్మం తీసి నేరుగా అతికిద్దామంటే, రక్తం అందని ఒట్టి టెండన్ మీద అది బతకదు. బతికిన చోట కూడా టెండన్‌కు అంటుకుపోయి వేలు ఆడనివ్వదు.

అందుకే ముందు డెర్మిస్‌కు ఒక పందిరి వెయ్యాలంది మేడం. కాకరతీగకు వేసినట్టే, ఒళ్లు పాకడానికి ఆధారం. తేడా ఏమిటంటే తీగ అల్లుకునే కొద్దీ ఈ పందిరి కరిగిపోతుంది.

ఆ పందిరి ఒక షీటు, దానికి రెండు పొరలుంటాయి. పైన సిలికాన్, తడి ఆరిపోకుండా, క్రిములు దిగకుండా. కింద స్పాంజి లాంటి పొర, కొలాజిన్ అనే ప్రోటీన్‌తో చేసింది. మన డెర్మిస్‌కు బలమిచ్చేదీ కొలాజినే కనుక, కణాలు అందులోకి వచ్చి తమ చోటే అన్నట్టు పని మొదలుపెడతాయి. ఆ స్పాంజిలో రంధ్రాలు మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూగా ఉంటాయి. మరీ సన్నగా ఉంటే కణాలు దూరలేవు, మరీ పెద్దవైతే పట్టుకోవడానికి గోడలు చాలవు. కరిగిపోయే వేగం కూడా అంతే ముఖ్యం. కొత్త కండ రాకముందే కరిగితే పందిరి లేనట్టే, అస్సలు కరగకపోతే దాని చుట్టూ మచ్చ కడుతుంది. షార్క్ చేప మృదులాస్థి నుంచి తీసిన ఒక పదార్థాన్ని కొలాజిన్‌కు కలిపి ఆ వేగాన్ని సరిచేస్తారు.

ఇదంతా విన్న రాత్రి నేను కూర్చుని చదివాను. అమెరికాలో ఎంఐటీ అనే విశ్వవిద్యాలయానికి చెందిన ఇయోనిస్ యానస్, బోస్టన్ మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ సర్జన్ జాన్ బర్క్ దీన్ని తయారుచేశారు. వాళ్లు మొదట వెతికింది కాలినవాళ్ల ఒంట్లోంచి నీరు పోకుండా, ఇన్‌ఫెక్షన్ రాకుండా కాపాడే ఒక కప్పు కోసం. ఆ కప్పు కింద మచ్చకు బదులు డెర్మిస్ లాంటి పొర పెరగడం తర్వాత కంటపడింది. 1981లో, ఒళ్లు పెద్ద ఎత్తున కాలిన 10 మంది మీద వచ్చిన ఫలితాలు ప్రచురించారు. 1996లో అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ దీనికి అనుమతి ఇచ్చింది. పెద్దవాళ్ల ఒంట్లో మళ్లీ పుట్టదనుకున్న పొరను ఒళ్లే కట్టుకునేలా చేసిన ఆ ఇద్దరికీ నేను మనసారా దండం పెట్టుకున్నాను.

అసలు చిక్కు సంతకం దగ్గర వచ్చింది. మేడం దాచలేదు. “ఇందులో కొలాజిన్ పశువు టెండన్ నుంచి తీసినది. శుద్ధి చేసి, కణాలేవీ లేకుండా చేస్తారు. అయినా మీకు చెప్పడం నా బాధ్యత,” అంది. అమ్మ శనివారాలు ఒంటిపూట ఉండే మనిషి. మా కొట్టంలో ఆవులున్నాయి, కనుమ నాడు వాటికి పసుపు కుంకుమ పెట్టి మొక్కుతాం. అమ్మ ఏమీ అనకుండా లేచి వరండాలోకి పోయింది.

జంతువు నుంచి రానివి, పాలియురేథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసినవి కూడా ఉన్నాయని, అయితే అప్పటికప్పుడు దొరకడం కష్టమని మేడం చెప్పింది. మన దేశంలో తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ తయారుచేసిన కోలిడెర్మ్ ఉంది, అది పంది పిత్తాశయం నుంచి. నాయన అన్నీ విని రెండే ప్రశ్నలు అడిగాడు.

“అది నా ఒంట్లో ఎన్నాళ్లుంటాది డాక్టరమ్మా?”

“వారాల్లో మొదలుపెట్టి మెల్లమెల్లగా కరిగిపోతుంది పెద్దాయనా. దాని చోట మీ కండే ఉంటుంది.”

“వేళ్లు వంగుతాయా?”

“పందిరి నేను వేస్తా. వంచే పని మీరు చెయ్యాల.”

“అయితే వెయ్యండి. నాకు కొడవలి పట్టల్ల.”

తర్వాత అమ్మ దగ్గరికి పోయి ఏం మాట్లాడాడో నాకు చెప్పలేదు. అమ్మే వచ్చి, “సంతకం పెట్టు బిడ్డా,” అంది. ఈ విషయం ముందే చెప్పినందుకు మేడం మీద నాకు గౌరవం పెరిగింది. ఆపరేషన్ అయ్యాక ఎక్కడో విని ఉంటే అమ్మ జన్మలో మమ్మల్ని నమ్మేది కాదు. ఇట్లాంటి షీటు వేయించుకునే ప్రతి ఒక్కరూ అది దేనితో చేసిందో అడగాలి, డాక్టర్లూ అడగకముందే చెప్పాలి.

షీటు ఖర్చు వేరుగా పడింది. పోయిన ఏటి బెల్లం డబ్బు చాలావరకు అందులోకే పోయింది. మందుల షాపుల్లో దొరికే మామూలు కొలాజిన్ షీట్లు దీనికంటే చాలా చవక. మా బావ అవి తెస్తానన్నాడు కూడా. అవి పైపైన కాలిన గాయాలకు కప్పులా పనికొస్తాయి, గాయం మానగానే ఊడిపోతాయి. పేరొకటే అయినా పని వేరు. కొలాజిన్ మీద చెన్నై అడయారులోని కేంద్ర తోలు పరిశోధనా సంస్థ కూడా చాలా కాలంగా పని చేస్తోందని చదివినప్పుడు, ఇవి మన దగ్గరే చవకగా వచ్చే రోజు దగ్గర్లో ఉండాలని గట్టిగా కోరుకున్నాను. కాలిన గాయాలు ఎక్కువగా తగిలేది పొయ్యి దగ్గర, పెనం దగ్గర పని చేసేవాళ్లకు. వాళ్ల దగ్గర ఇంత డబ్బుండదు.

షీటు వేశాక ఎదురుచూపు. దాదాపు మూడు వారాలు. చెయ్యి కదలకుండా పట్టి ఉంచే స్ప్లింట్‌లో, దిండ్ల మీద గుండె కంటే ఎత్తున. కట్టు మార్చిన ప్రతిసారీ సిలికాన్ లోంచి రంగు చూసేవాళ్లం. మొదట ముదురు ఎరుపు, తర్వాత గులాబీ, ఆపైన లేత నారింజ. రక్తనాళాలు లోపలికి పాకుతున్నాయనడానికి ఆ రంగే గుర్తట. మధ్యలో ఒక మూల కింద నీరు చేరి షీటు లేచింది. మేడం అక్కడ చిన్న గాటు పెట్టి నీరు తీసి, మళ్లీ అదిమి కట్టింది. కింద నీరు గానీ రక్తం గానీ నిలిస్తే షీటు గాయానికి అంటదు, అంటని చోట ఏమీ పెరగదు. అందుకే కట్టు వాసన మారినా, తడిసినా, జ్వరం వచ్చినా రాత్రని చూడకుండా ఫోన్ చెయ్యమన్నారు.

ఇంట్లో ఇంకో యుద్ధం తిండి దగ్గర. చూడ్డానికి వచ్చిన వాళ్లంతా పప్పు పెట్టొద్దు చీము పడుతుంది, గుడ్డు పెట్టొద్దు చీము పడుతుంది అన్నవాళ్లే. పత్యం అంటే కారప్పొడి అన్నమే అన్నట్టు. డైటీషియన్ చెప్పింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఒళ్లు కొత్త కండ కట్టాలంటే ప్రోటీన్ కావాలి, కొలాజిన్ తయారవ్వాలంటే విటమిన్ సి కావాలి. నాయన గుడ్డు తినడు కాబట్టి పప్పు, పెరుగు, పాలు, ఉలవచారు, జామపండ్లు. మా అత్త అలిగి వెళ్లిపోయింది. చీము మాత్రం పట్టలేదు.

రెండో ఆపరేషన్‌లో సిలికాన్ పొర ఒలిచేసి, తొడ నుంచి కాగితం లాంటి పలచటి చర్మం తీసి అతికించారు. కింద డెర్మిస్ సిద్ధంగా ఉంది కాబట్టి అంత పలచటిది సరిపోయింది. చేతికంటే తొడే ఎక్కువ మండిందని నాయన అంటాడు. ఆ మాట ముందే తెలిస్తే మనసు సిద్ధంగా ఉంటుందని రాస్తున్నా.

ఆ తర్వాతదంతా ఫిజియోథెరపీ. దీని గురించి ఎవరూ తగినంత చెప్పరు. మొదట్లో వేళ్లు పుల్లల్లా నిటారుగా ఉండేవి. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి, నొప్పితో కళ్లలో నీళ్లు కారుతున్నా మెత్తటి బంతిని నొక్కేవాడు. అమ్మ పక్కన కూర్చుని లెక్కపెట్టేది. ఒక సాయంత్రం చూపుడు వేలు అరచేతిని తాకింది. అమ్మ నన్ను వంటింట్లోంచి కేకేసి పిలిచింది.

ఇప్పుడు చిటికెన వేలు ఇంకా పూర్తిగా ముడుచుకోదు, మిగతావి పిడికిలి పడతాయి. కొడవలి పట్టుకుంటాడు, పెనం దగ్గరికి మాత్రం మేము పోనివ్వం. ఆ చోట వెంట్రుకలు రావు, చెమట పట్టదు. పెరిగేది డెర్మిసే గాని అందులో చెమట గ్రంథులు, వెంట్రుకల కుదుళ్లు ఉండవు. అందుకని రోజూ కొబ్బరినూనెతో మర్దన, బిగుతు గ్లవ్, ఎండలోకి పోతే గుడ్డ. రాత్రుళ్లు దురద ఉంది. మచ్చ మెత్తబడి కుదుటపడటానికి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుందని, అంతవరకూ గ్లవ్ తియ్యొద్దని మేడం చెప్పింది. వచ్చే నెల మళ్లీ చూపించాలి. చిటికెన వేలికి ఇంకేమైనా చెయ్యాలా అన్నది అప్పుడు తేలుతుంది.