మూడు వారాల అదురు

మూడు వారాలుగా నా ఎడమ కంటి కింది రెప్ప అదురుతోంది. అద్దంలో చూస్తే చర్మం కింద సన్నని అల పరుగెత్తినట్టు ఉంటుంది. ఆపాలని ఎంత ప్రయత్నించినా ఆగదు. నా శరీరంలోనే నా మాట వినని చోటు ఒకటి ఉందని తెలిసి భయపడ్డాను.

నరాల వైద్యురాలు ఓపికగా వివరించారు. కండరాన్ని కదిలించే ఒక్కో నాడీకణం కొన్ని కండర తంతువులను నడిపిస్తుంది. ఆ కణం తనంతట తాను సంకేతం పంపితే, ఆ కొన్ని తంతువులే ముడుచుకుంటాయి. అదే ఈ అదురు. నిద్రలేమి, ఒత్తిడి, కెఫీన్ దీన్ని పెంచుతాయి. నిద్రలోకి జారుతుండగా ఒళ్లు ఉలిక్కిపడటం, ఎక్కిళ్లు కూడా అసంకల్పిత కదలికలే. కండరం బలహీనపడినా, సన్నబడినా, అదురు ముఖంలో ఒక సగమంతా పాకినా మాత్రం ఆలస్యం చేయకూడదన్నారు. (సగం ముఖం అదిరే జబ్బులో చాలాసార్లు ఒక రక్తనాళం ముఖ నాడిని నొక్కుతూ ఉంటుందట.)

నేను అడిగిన చివరి ప్రశ్న నా గురించి కాదు. మా అక్క కొడుక్కి టూరెట్ సిండ్రోమ్ ఉంది. తన ప్రమేయం లేకుండానే ఉన్నట్టుండి భుజం ఎగరేస్తాడు, పదేపదే గొంతు సవరించుకుంటాడు. 1885లో ఫ్రెంచి వైద్యుడు జార్జ్ జిల్ ద లా టూరెట్ వర్ణించిన స్థితి ఇది. "కాసేపు ఆపుకోలేవా?" అని అందరూ వాడిని అడుగుతారు. నేనూ అడిగాను. కొద్దిసేపు ఆపగలడు, కానీ తుమ్మును బిగబట్టినట్టు లోపల ఒత్తిడి పెరిగిపోతుందని వైద్యురాలు చెప్పారు.

ఇంటికి రాగానే వాడికి ఫోను చేసి, ఆ మాట అన్నందుకు క్షమించమన్నాను.

"నీ కన్ను ఇప్పుడెలా ఉంది పిన్నీ?" అని అడిగాడు.