నాన్నకి ఈరోజు అబ్లేషన్ జరగలేదు

పొద్దున అయిదింటికే లేచాం. రాత్రి నుంచి నాన్న ఏమీ తినకూడదన్నారు కాబట్టి తార్నాకలో పిన్ని వాళ్ళింట్లో అందరూ వంటింట్లో నిలబడి చప్పుడు కాకుండా కాఫీ తాగారు. ఏడింటికల్లా ఆసుపత్రిలో ఉన్నాం. మధ్యాహ్నానికి అబ్లేషన్ (గుండెలో దడ పుట్టించే చోటుని కాల్చే చికిత్స) అయిపోతుంది, ఎల్లుండి గోల్కొండ ఎక్కి ఖమ్మం వెళ్ళిపోతాం అని లెక్క వేసుకుని కూర్చున్నాను. ఇప్పుడు రాత్రి తొమ్మిది దాటింది. అబ్లేషన్ జరగలేదు. నాన్న పక్క గదిలోనే పడుకున్నాడు, గుండెలో గడ్డ ఉందట.

మొదటి నుంచీ రాసుకుంటాను, లేకపోతే నాకు నిద్ర పట్టదు. రెండేళ్ళ క్రితం నాన్నకి గుండె దడ మొదలైంది. వచ్చినప్పుడు గంటో రెండు గంటలో ఉండేది, డాక్టరు దగ్గరికి చేరేసరికి తగ్గిపోయేది, ఈసీజీ తీస్తే అంతా మామూలే. మొదట చూసినాయన టెన్షన్ తగ్గించుకోండి అంటూ ఏడాదిపాటు గ్యాస్ మాత్రలు రాసిచ్చాడు. ఆ ఏడాది తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. చివరికి వేరే డాక్టరు 24 గంటలూ ఒంటి మీదే ఉండి ఈసీజీ తీసే హోల్టర్ పెట్టిస్తే అందులో దొరికింది, ఏట్రియల్ ఫిబ్రిలేషన్. గుండె పై గదులు ఒక లయలో కొట్టుకోకుండా గజగజ వణుకుతాయి. పక్షవాతం వచ్చే ప్రమాదం మామూలు వాళ్ళకంటే దాదాపు అయిదు రెట్లు ఎక్కువ. అందుకే రక్తం పల్చబడే మాత్ర పూటకొకటి, రోజుకి రెండు.

నిన్న మధ్యాహ్నం డై ఎక్కించి సీటీ తీశారు. దాంతో కంప్యూటర్‌లో నాన్న ఎడమ కర్ణికని, అంటే గుండెలో ఎడమవైపు పై గదిని, బొమ్మలా కట్టి చూపించారు. ఊపిరితిత్తుల నుంచి రక్తం తెచ్చే సిరలు మామూలుగా నాలుగు వచ్చి కలుస్తాయట, నాన్నకి మాత్రం ఎడమవైపు రెండూ ముందే ఒకటై ఒకే ద్వారంతో కలిశాయి. చాలామందికి అలా ఉంటుంది, ముందే తెలిస్తే మాకు మంచిది అన్నారు డాక్టరు గారు. ఎందుకంటే ఈ దడకి నిప్పు రాజేసేది ఎక్కువగా ఆ సిరల లోపలే. ఆ సంగతి 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో మిషెల్ హైసాగెర్ బృందం 45 మంది రోగుల్లో చూసి బయటపెట్టింది. అప్పటినుంచే ఆ ద్వారాల చుట్టూ కాల్చి అక్కడ పుట్టే కరెంటు గుండెలోకి రాకుండా కట్టడి చేసే పద్ధతి పెరిగింది. కాల్చే ముందు ద్వారాలు ఎక్కడున్నాయో, ఎంత వెడల్పో తెలియాలి కదా.

ఆ సీటీలోనే ఒక మూల డై సరిగ్గా నిండలేదు. ఎడమ కర్ణిక పక్కన చిన్న చెవిలాంటి సంచి ఒకటి ఉంటుంది. (కర్ణిక అన్న మాటే కర్ణంలోంచి వచ్చింది, ఆ కర్ణికకి మళ్ళీ ఇంకో చెవి.) రక్తం మెల్లగా కదులుతున్నా అలా కనిపిస్తుంది, గడ్డ ఉన్నా అలాగే కనిపిస్తుంది, రేపు పొద్దున టీఈఈలో తేలుతుంది అన్నారు. నేను మొదటి మాటే పట్టుకుని నిద్రపోయాను.

టీఈఈ అంటే నోట్లోంచి గొట్టం దింపి చేసే ఎకో, అంటే గుండె స్కానింగ్. అన్నవాహిక సరిగ్గా ఎడమ కర్ణిక వెనకాలే ఉంటుంది కాబట్టి అక్కడినుంచి చూస్తే ఆ సంచి ఎదురుగా ఉన్నట్టు కనిపిస్తుంది, ఛాతీ మీద పెట్టే ఎకోకి అంత బాగా అందదు. గొంతులో చేదు మందు స్ప్రే చేసి మత్తిచ్చారు. ఇరవై నిమిషాలకి డాక్టరు గారు బయటికి వచ్చి, "లోపలికి రండమ్మా, మీరూ ఒకసారి చూడాలి" అన్నారు.

తెర మీద విసనకర్రలా విప్పుకున్న బూడిదరంగు బొమ్మ. నల్లటి ఖాళీలో సన్నటి పొగ సుడులు తిరుగుతోంది, దాన్ని వాళ్ళు కూడా పొగ అనే అంటారట. రక్తం కదలిక మందగిస్తే అలా కనిపిస్తుంది. ఆ సంచిలో రక్తం వేగం సెకనుకి 40 సెంటీమీటర్లు దాటి ఉండాల్సింది, నాన్నకి 18 వచ్చింది. సంచి కొసన చింతగింజంత తెల్లటి ముద్ద, గుండె కొట్టుకున్నప్పుడల్లా కొద్దిగా ఊగుతోంది. డాక్టరు గారు పెన్నుతో దాని చుట్టూ గీసి చూపించారు. "ఇది ఉండగా నేను లోపల వైరు తిప్పితే ఊడి నేరుగా మెదడుకి పోవచ్చు. ఈరోజు చెయ్యట్లేదమ్మా." నాకు కాళ్ళు చల్లబడ్డాయి.

తర్వాత అడిగారు, మాత్రలు ఎప్పుడైనా మానేశారా అని. ఇంకా మత్తు దిగని నాన్న అమ్మ వైపు చూశాడు. మిరప కోతలప్పుడు ఊళ్ళో కల్లం దగ్గర రెండు వారాలున్నాడు, పగటి మాత్ర వేసుకున్నాడు, రాత్రిది చాలాసార్లు వదిలేశాడు. "దడ లేదు కదా అనుకున్నాను తల్లీ" అన్నాడు. కోప్పడదామనుకున్నాను, గొట్టం వల్ల గొంతు బొంగురుపోయి ఉంది, ఏమీ అనలేకపోయాను. దడ లేకపోతే జబ్బు లేనట్టే అని మేమందరం అనుకున్నాం, నేను కూడా ఏనాడూ స్ట్రిప్ తీసి లెక్కపెట్టలేదు.

కింద హాల్లో ఒకావిడ మాట కలిపింది. వాళ్ళాయనకి ఎప్పుడో గుండెపోటు వచ్చింది, ఇప్పుడు కింది గదుల్లోంచి దడ వస్తోంది. ఎంఆర్ఐ తీస్తే పాత మచ్చ తెల్లగా కనిపించిందట, దాని అంచుల్లోనే కరెంటు గుండ్రంగా తిరుగుతోందని అక్కడే కాలుస్తామన్నారట. "మీ నాన్నకి చూసి ఆపారంటే మంచిదేనమ్మా" అంది. పొద్దున్నుంచీ అందరూ అయ్యో అన్నవాళ్ళే. ఆవిడొక్కతే ఆ మాట అంది, అక్కడే ఏడుపొచ్చింది నాకు.

ఒక్క పూట కూడా మానకుండా ఆరు వారాలు మాత్రలు, తర్వాత మళ్ళీ టీఈఈ, గడ్డ లేకపోతే అప్పుడు అబ్లేషన్. ముగ్గురి ఫోన్లలోనూ పొద్దున ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి అలారం పెట్టాను. ఇందాక మొదటిది మోగింది. మాత్ర మింగి నాన్న అడిగాడు, "గడ్డ పోతే ఆ పొగ కూడా పోతుందా?" అని. పొద్దున డాక్టరు గారు చెప్పిందే చెప్పాను, మాత్రలు గడ్డ కోసం, పొగ తగ్గాలంటే గుండె లయ కుదరాలి, అబ్లేషన్ అందుకే అని. కాసేపు వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టుకున్నాడు. తర్వాత అమ్మని పిలిచి, "బాబాయికి ఫోన్ చెయ్యి, ఈసారి కల్లం వాణ్ణే చూసుకోమను" అన్నాడు.