రేపు ఆదివారం

జనవరి, శనివారం. జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గరి ఊరు.

ఏడు గంటలకు కిటికీ అవతల ఇంకా చిమ్మచీకటి. ఈ రోజుల్లో సూర్యుడు ఎనిమిది దాటాకే వస్తాడు, ఐదు కొట్టకుండానే వెళ్ళిపోతాడు. శనివారమే కదా, కాసేపు పడుకుందాం అనుకోవడం ఇక్కడికి కొత్తగా వచ్చినవాళ్ళు చేసే పని. రేపు కొట్లు తెరవవు, గోడకు మేకు కొట్టకూడదు, ఖాళీ సీసా పారేయకూడదు. రెండు రోజుల పనీ ఈ ఒక్కరోజు నెత్తినే.

లేవగానే మొదటి పని కిటికీలు బార్లా తెరవడం. బయట మైనస్ మూడు డిగ్రీలున్నా సరే. దీన్ని వీళ్ళు ష్టోస్‌లూఫ్టెన్ అంటారు. హీటర్ మీట కట్టేసి, ఎదురెదురు కిటికీలు పూర్తిగా తీసి, చలికాలంలో ఐదు నిమిషాలు, కాస్త చలి తగ్గాక పది. ఇలా రోజుకు మూడు నాలుగు సార్లు. మనవాళ్ళకు ఇది డబ్బు తగలేసినట్టు అనిపించి, కిటికీ పైభాగం మాత్రం వాల్చి రోజంతా అలాగే వదిలేస్తారు. చెడేది అక్కడే. గాలి పెద్దగా మారదు, కిటికీ చుట్టుపక్కల గోడ మాత్రం చల్లబడిపోతుంది. మన వంటింట్లో రోజూ అన్నం ఉడుకుతుంది, పప్పు ఉడుకుతుంది, ఇడ్లీ ఆవిరి వస్తుంది. దానికి తోడు గదిలోనే ఆరేసిన బట్టలు. ఆ తేమంతా చల్లని గోడ మూలకు చేరి నీరవుతుంది, రెండు వారాల్లో నల్ల బూజు. బయటి గోడకు ఆనించిన బీరువా వెనక మొదట కనబడుతుంది, అందుకే బీరువాకూ గోడకూ మధ్య కనీసం నాలుగు వేళ్ళ సందు వదలాలి. పది యూరోల్లోపు దొరికే తేమ మీటరు ఒకటి హాల్లో పెట్టుకుంటే చాలు: నలభైకీ అరవైకీ మధ్య ఉండాలి, అరవై దాటితే కిటికీ తీయాలి. బూజు గొడవ ఇంటి ఓనరు దాకా వెళ్తే మొదట వచ్చే ప్రశ్న "మీరు గాలి ఎలా మారుస్తున్నారు?" అనే.

పొయ్యి పైనున్న చిమ్నీని నమ్ముకోవద్దు. అద్దె ఇళ్ళలో చాలావరకు ఉండేది గాలిని బొగ్గు ఫిల్టరులోంచి తిప్పి మళ్ళీ గదిలోకే వదిలే రకం. అది పోపు వాసన కొంత పట్టుకుంటుంది, ఆవిరిని ఏమాత్రం పట్టుకోదు.

హీటర్ మీట మీది అంకెల సంగతి కూడా రాసుకోవాలి. అది ఫ్యాను రెగ్యులేటరు లాంటిది కాదు. 3 అంటే సుమారు ఇరవై డిగ్రీలు, 2 అంటే పదహారు, 4 అంటే ఇరవై నాలుగు. గది చల్లగా ఉందని 5 మీద పెడితే త్వరగా వెచ్చబడదు. 3 మీద పెట్టినంత వేగంతోనే వెచ్చబడి, ఇరవై దగ్గర ఆగకుండా పైకి పోతుంది. ఆ ముచ్చట ఏడాది చివర లెక్కల కాగితంలో తెలుస్తుంది.

పిండి పొంగింది. ఇరవై డిగ్రీల ఇంట్లో ఇడ్లీ పిండి పొంగడం చిన్న విషయం కాదు. ఒక గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ, కొలత మన ఊళ్ళో కొలతే. మారేది వెచ్చదనం. నిన్న సాయంత్రం రుబ్బి, ఓవెన్ వేడి చేయకుండా లోపలి లైటు మాత్రం వేసి పెడితే పన్నెండు గంటల్లో పొంగింది. ఇది పాత రకం బల్బు ఉన్న ఓవెన్లకే పనికొస్తుంది. ఎల్ఈడీ లైటు వెలుగిస్తుందే తప్ప వేడి ఇవ్వదు, అలాంటి ఓవెన్లో పిండి పక్కన గిన్నెడు మరిగే నీళ్ళు పెట్టి, పడుకునే ముందు ఒకసారి మార్చాలి. రొట్టె పిండి పొంగించే మీట ఉంటే ముప్పై మీద పెడితే సరి. గిన్నె కింద పళ్ళెం తప్పనిసరి. ఓవెన్ తలుపు మీద "లోపల పిండి ఉంది" అని కాగితం అంటించడం ఇంకా తప్పనిసరి. ఎవరో ఒకరు కేకు కోసమని రెండొందల మీద పెట్టకుండా ఉండరు.

తొమ్మిదిన్నరకు కొట్టు. సంచి ముందు ఖాళీ సీసాలతో నిండాలి. కోలా, నీళ్ళ ప్లాస్టిక్ సీసాలకూ డబ్బాలకూ ఒక్కోదానికి 25 సెంట్లు డిపాజిట్, 2024 జనవరి నుంచి ప్లాస్టిక్ సీసాల్లో వచ్చే పాలకు కూడా. తిరిగి వాడే బీరు సీసాకు 8, తిరిగి వాడే నీళ్ళ సీసాకూ పెరుగు గాజు సీసాకూ 15. మన అలవాటు కొద్దీ ప్లాస్టిక్ సీసాను నలిపేస్తే పావలా యూరో పోయినట్టే. సీసాలు వెనక్కి తీసుకునే మెషీను గుర్తునూ చారల కోడునూ చదవాలి, లేబులు చినిగినా నలిగినా వెనక్కి తోసేస్తుంది. పాల సీసా కడిగి ఉంచుకోవాలి, వారం నిలవున్న వాసనకు సంచి కూడా పనికిరాకుండా పోతుంది. చివర వచ్చే చీటీని బిల్లు దగ్గర ఇవ్వాలి, జేబులో మర్చిపోకూడదు.

రవ్వ దగ్గర జాగ్రత్త. రెండు పొట్లాలు పక్కపక్కనే ఉంటాయి. వైష్‌వైట్సెన్‌గ్రీస్ అన్నది మెత్తని గోధుమ రవ్వ, పిల్లలకు పాలల్లో జావ కాచేది. దాంతో ఉప్మా చేస్తే జిగురు ముద్ద. హార్ట్‌వైట్సెన్‌గ్రీస్ తీసుకోవాలి, పాస్తా చేసే గట్టి గోధుమ రవ్వ. దోరగా వేయించి గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్ళు పోస్తే పొడిపొడిగా వస్తుంది. పిండి పొట్లాల మీద 405 అని ఉంటే మన మైదాకు దగ్గర. అంకె పెరిగేకొద్దీ తవుడు పెరుగుతుంది. చపాతీకి మాత్రం ఇండియన్ కొట్టులోని ఆటానే నయం.

తోడు సంగతి చాలామందికి అంతుబట్టదు. కొన్న పెరుగుతో తోడేస్తే పెరుగు తోడుకుంటుంది కానీ పులుపు రాదు, మజ్జిగ పులుసుకు అసలు పనికిరాదు. కారణం డబ్బా మీదే ఉంటుంది: యోగుర్ట్ మిల్డ్. పేరుకు తగ్గట్టే పులుపు తక్కువ తెచ్చే సూక్ష్మజీవులు అందులో ఉంటాయి. మిల్డ్ అన్న మాట లేని డబ్బా వెతికి, 3.5 శాతం వెన్న ఉన్న పాలు కాచి, వేలు పెడితే ఓర్చుకోగలిగేంత వెచ్చగా ఉన్నప్పుడు చెంచాడు కలిపితే మూడో తోడుకల్లా మన పెరుగు రుచి వస్తుంది.

తర్వాత టర్కీ వాళ్ళ కొట్టు. కొత్తిమీర కట్ట అక్కడ పెద్దది, చవక. పక్కనే అచ్చు అలాగే ఉండే పార్స్లీ కట్ట ఉంటుంది, వాసన చూడకుండా సంచిలో వేస్తే చారు వేరే దేశానిదవుతుంది. వసంతంలో జావెరాంఫర్ అనే ఆకు వస్తుంది, మన చుక్కకూరకు దగ్గరి చుట్టం, పప్పులోకి చక్కగా కుదురుతుంది. గోంగూరకు మాత్రం ప్రత్యామ్నాయం లేదు. ఉందని చెప్పేవాళ్ళు గోంగూర తిననివాళ్ళు.

దారిలో రోడ్డు పక్కన ఎండిన క్రిస్మస్ చెట్లు పడి ఉన్నాయి. జనవరి ఆరు దాటాక వాటిని బయట పెడతారు, చాలా ఊళ్ళలో ఏదో ఒక శనివారం అగ్నిమాపక దళం కుర్రాళ్ళు బండి వేసుకొచ్చి పట్టుకుపోతారు. మేముండే ఈ ప్రాంతం పేరు ష్వాబియా. దాని దక్షిణాది పల్లెల్లో కొన్నిచోట్ల వాటిని దాచి, లెంట్ (ఈస్టరు ముందు ఉపవాస దినాలు) మొదలయ్యాక వచ్చే మొదటి ఆదివారం పెద్ద మంటేసి తగలబెడతారు. చలిని తరమడానికట. భోగికి నెలో రెండు నెలలో ఆలస్యంగా వచ్చినవాళ్ళన్నమాట.

పదకొండుకు మెట్ల మీద చీపురు చప్పుడు. ఈ వారం కేర్‌వోహె, అంటే ఊడ్చే వంతు పలక మన తలుపుకు వేలాడుతోంది. ఇది ష్వాబియా వాళ్ళ సొంత సొత్తు, జర్మనీ ఉత్తరాదిన చెబితే నవ్వుతారు. ఊరు శుభ్రంగా ఉండాలని, ఎవరి పెంట వాళ్ళు వారం వారం ఎత్తిపోయాలని 1492 నాటి స్టుట్‌గార్ట్ నగర శాసనంలోనే ఉంది. 1988లో నగరం తన నిబంధనల్లోంచి దీన్ని తీసేసినా అద్దె ఒప్పందాల్లో చెక్కు చెదరకుండా ఉండిపోయింది. చిన్న కేర్‌వోహె అంటే మన అంతస్తు నుంచి కింది అంతస్తు దాకా మెట్లు: ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, రెయిలింగు తుడవాలి. పెద్దదైతే గుమ్మం, నేలమాళిగ దారి, ఇంటి ముందు కాలిబాట కూడా. మంచు పడితే అదీ. పని దినాల్లో ఉదయం ఏడుకల్లా మంచు తీసి ఉండాలి. ఉప్పు చల్లడం చాలా ఊళ్ళలో నిషేధం, సన్న కంకర చల్లాలి. పని అయ్యాక పలకను పక్కింటి తలుపుకు తగిలించడం మర్చిపోతే వచ్చే వారం కూడా మనదే. శుభ్రం ఎంత చేశామన్నది ఎలాగూ చూస్తారు; చేస్తుండగా ఎవరైనా చూడటం కూడా ముఖ్యమేనని నా అనుమానం.

తుడుస్తున్నప్పుడు తాళంచెవి జేబులోనే ఉండాలి. ఇక్కడి ఇంటి తలుపుకు బయటివైపు తిరగని గుబ్బే ఉంటుంది. గాలికి మూసుకుంటే తాళం వేయకపోయినా బయట ఉండిపోయినట్టే. శనివారం తాళం తీసేవాణ్ణి పిలిస్తే వారం సరుకుల డబ్బు పోతుంది. రెండో తాళంచెవి నమ్మకమైన పక్కింట్లో ఉంచడమే మందు.

పన్నెండున్నరకు ఉత్తరాలు. శనివారం కూడా వస్తాయి. డబ్బా మీద పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది, ఇక్కడే తెలుగువాళ్ళకు చిక్కు. భర్త పాస్‌పోర్టులో ఇంటిపేరు ఇంటిపేరుగా ఉంటుంది, భార్యకు పుట్టింటిది, పిల్లవాడికి ఒక్కోసారి తండ్రి పేరే ఇంటిపేరు గడిలో పడి ఉంటుంది. ఒకే ఇంట్లో మూడు ఇంటిపేర్లని పోస్టుమ్యానుకు ఎలా తెలుస్తుంది? మూడూ పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగుతోనే డబ్బా మీద అంటించాలి, కాలింగ్ బెల్లు దగ్గర కూడా.

ఇవాళ వచ్చినవాటిలో రేడియో, టీవీ రుసుము కాగితం ఒకటి. నెలకు 18.36 యూరోలు, మనిషికి కాదు, ఇంటికి. అయినా చిరునామా నమోదు చేసుకున్న ప్రతి పెద్దవాళ్ళకూ విడివిడిగా వస్తుంది. రెండోవాళ్ళు పారేయకుండా, ఇంట్లో మొదటివాళ్ళ చందా నంబరు రాసి జవాబివ్వాలి. ఊరుకుంటే వాళ్ళ పేరున కూడా లెక్క మొదలవుతుంది. అధికారిక నోటీసులు వచ్చే పసుపు రంగు కవరు వస్తే మాత్రం కవరును కూడా దాచాలి. దాని మీద పోస్టుమ్యాను తేదీ వేస్తాడు, గడువు ఆ తేదీ నుంచే నడుస్తుంది, మనం చింపి చదివిన రోజు నుంచి కాదు. ఊరికి వెళ్ళి నెల తర్వాత వచ్చామన్నా డబ్బాలో పడ్డ రోజే లెక్క. రెండు కన్నాల పంచి మిషను, లావుపాటి ఫైలు లేని జర్మన్ కాపురం లేదు. ఇల్లు, ఇన్సూరెన్సు, పన్ను, వీసా, బడి: ఐదు విభాగాలు చాలు. వీసా విభాగం పైన అందరి నివాస అనుమతి కార్డుల గడువు తేదీలు రాసి ఉంచాలి. పిల్లల ఇండియన్ పాస్‌పోర్టు ఐదేళ్ళకే అయిపోతుంది, కార్డు గడువు పాస్‌పోర్టును దాటి ఉండదు. కార్డు గడువు ముగిసేలోపే దరఖాస్తు చేరాలి. అపాయింట్‌మెంటు దొరకలేదని ఊరుకోకుండా రాతపూర్వకంగా పంపి, పంపినట్టు రుజువు ఫైలులో పెట్టాలి.

మూడింటికి ఇంటికి ఫోన్. చలికాలంలో నాలుగున్నర గంటల తేడా, అక్కడ ఏడున్నర, అమ్మమ్మ సీరియల్ మొదలయ్యేలోపు మాట్లాడాలి. మార్చి చివరి ఆదివారం గడియారం ముందుకు జరిగితే తేడా మూడున్నర. ఆ వారమంతా ఎవరో ఒకరు అన్నం తింటూ దొరుకుతారు.

కిండర్‌గార్టెన్ సంచి సోమవారం కోసం ఇవాళే సర్దాలి, ఏది తక్కువైనా రేపు కొనలేం. బురద ప్యాంటు, రబ్బరు బూట్లు, లోపల తొడిగే చెప్పులు, లోదుస్తులతో సహా ఒక జత బట్టలు. అన్నిటి మీదా పేరు. వాన పడితే పిల్లల్ని లోపల ఉంచుతారనుకోవద్దు, అప్పుడే బయటికి తీసుకెళ్తారు. ఫెస్పర్ (చిరుతిండి) డబ్బాలో తీపి పెట్టకూడదు. ఇడ్లీ ముక్కలు నెయ్యి రాసి పెడితే టీచర్లకు అభ్యంతరం ఉండదు.

జ్వరం మందు సీసా ఎంత మిగిలిందో కూడా శనివారమే చూసుకోవాలి. రేపు మామూలు ఫార్మసీ మూసి ఉంటుంది. డ్యూటీలో ఉన్న ఫార్మసీ ఏదో తలుపు మీది కాగితంలో ఉంటుంది, రెండున్నర యూరోలు అదనం. ప్రాణం మీదికి వస్తే 112. అంత కాకపోయినా సోమవారం దాకా ఆగలేనిదైతే 116117. డాక్టరు సిరప్ బదులు కింది నుంచి పెట్టే మాత్ర రాస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు, ఇక్కడ పసిపిల్లలకు అది మామూలే.

చీకటి పడ్డాక చెత్త. కాగితం నీలం డబ్బా, కూర తొక్కలు గోధుమరంగు డబ్బా, ప్యాకింగు పసుపు సంచి లేదా డబ్బా, మిగిలింది నల్లది. కరివేపాకు రెబ్బలూ టీ పొడీ గోధుమరంగులోకి వెళ్ళొచ్చు, ప్లాస్టిక్ సంచితో సహా వేయకూడదు. ఆ సంచి మట్టిలో కలిసిపోయే రకమని రాసున్నా చాలా ఊళ్ళు ఒప్పుకోవు. గాజు సీసాలకు వీధి చివర తొట్లు: తెలుపు, గోధుమ, ఆకుపచ్చ. నీలం సీసా ఆకుపచ్చలోకి. ఆవకాయ సీసా ఖాళీ అయితే చాలు, తోమక్కర్లేదు. మూత మాత్రం తీసి ప్యాకింగులో వేయాలి. పగిలిన మంచినీళ్ళ గ్లాసు ఇందులో వేయకూడదు, అది వేరే రకం గాజు, నల్ల డబ్బాకే. వేళలు తొట్టి మీదే రాసి ఉంటాయి. ఆదివారం వేస్తే ఆ చప్పుడు వీధంతా వింటుంది.

తొమ్మిదిన్నర. రేపటి కొబ్బరి చట్నీ ఇప్పుడే రుబ్బేయాలి, పదయితే మిక్సీకి సెలవు. మన మిక్సీ ఇక్కడ నడుస్తుంది, కరెంటు అదే 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ప్లగ్గే పట్టదు. ప్రయాణాల కోసం అమ్మే సన్న అడాప్టరు 750 వాట్ల మిక్సీకి వేడెక్కి కరుగుతుంది, పైగా చాలావాటికి ఎర్తు ఉండదు. ఎర్తు ఉన్న బరువైన అడాప్టరు కొనాలి, లేదా ఎలక్ట్రీషియను చేత ప్లగ్గే మార్పించాలి. మిక్సీ కింద మడతపెట్టిన తువ్వాలు వేస్తే కింది ఇంటికి అదురు తగ్గుతుంది.

పోపు పెట్టేటప్పుడు హాలు తలుపు మూసి ఉంచాలి, పొగ అలారం అక్కడే ఉంది. ఎండుమిరపకాయ మాడితే అది మన మాట వినదు.

రెండు పచ్చడి సీసాలు తొట్టిలో వేయడం మిగిలిపోయింది. వేళ దాటింది, సోమవారం దాకా తలుపు వెనకే.