ఊరకుండుడి, సాగిపోవుడి

మా చర్చిలో బలిపీఠం పక్క గోడ మీద నీలి రంగుతో ఒక వాక్యం రాసి ఉంటుంది. "ఊరకుండుడి, నేనే దేవుడనని తెలిసికొనుడి." కీర్తన 46:10. చిన్నప్పుడు ఆ గోడ వైపు చూడాలంటే నాకు ఇష్టం ఉండేది కాదు. ఎందుకంటే ఆ మాట నేను చర్చిలో కంటే ముందు వీధిలో విన్నాను.

గుత్తి దగ్గర మా పల్లెలో హోటలు బయట మాకు వేరే గ్లాసు ఉండేది. మేమే తాగి, మేమే కడిగి చూరులో పెట్టాలి. ఎందుకని అడిగితే మా జేజి ఒకటే మాట అనేది. "ఊరకుండు నాయనా, పెద్దోళ్ళతో మనకేల?" కూలి తగ్గించి ఇచ్చినా ఊరకుండు. శెనక్కాయలు కొలిచేటప్పుడు మోసం కళ్ళ ముందే కనబడుతున్నా ఊరకుండు. ఆదివారం చర్చికి పోతే దేవుడు కూడా అదే మాట చెబుతున్నాడు. ఈయన కూడా పెద్దోళ్ళ మనిషేనా అనుకునేవాణ్ణి.

ఆ కీర్తన మొత్తం నిదానంగా చదివింది చాలా ఏళ్ళ తర్వాతే. గోడ మీదికి ఎక్కని పై వచనంలో దేవుడు విల్లు విరుస్తాడు, బల్లేన్ని తెగనరుకుతాడు, యుద్ధరథాలను అగ్నిలో కాల్చేస్తాడు. ఆ వెంటనే అంటాడు, ఊరకుండుడి అని. మూలంలో ఉన్న హెబ్రీ మాటకు పట్టు వదలడం, చేతులు సడలించడం అనే అర్థం ఉంది. అంటే ఈ మాట గ్లాసు చూరులో పెట్టేవాడికంటే ముందు చేతిలో ఆయుధం ఉన్నవాడికి తగలాలి. వేటకొడవళ్ళు, నాటుబాంబులు చూసిన సీమలో ఈ వాక్యాన్ని ఇన్నాళ్ళూ కూలోళ్ళకే ఎందుకు చెప్పుకుంటూ వచ్చామో!

పోయిన సంవత్సరం లెంటు దినాల్లో, అంటే ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాల్లో, శనివారం సాయంత్రం అరగంట మౌనంగా కూర్చుందామని ఏడెనిమిది మందిమి అనుకున్నాం. మైకు, కీబోర్డు, డ్రమ్స్ ఏవీ లేకుండా. మా కూడికల్లో రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకపోతే కరెంటు పోయిందేమోనని వెనక్కి తిరిగి చూస్తారు. ఇది మనది కాదు, పక్కమతం వాళ్ళ ధ్యానం అని ఒకాయన గొణిగాడు కూడా. నిజానికి ఇది మన ఇంటి పాత సొత్తే. ఐగుప్తు (ఈజిప్టు) ఎడారిలోని క్రైస్తవ సన్యాసుల దగ్గర నేర్చుకున్న పద్ధతిని ఐదో శతాబ్దంలో కాసియన్ అనే సన్యాసి రాసిపెట్టాడు. ఒకే వాక్యాన్ని పగలూ రాత్రీ మనసులో తిప్పుకోమన్నాడు. ఆ వాక్యం 70వ కీర్తన మొదటి వచనం: "దేవా, నన్ను విడిపించుటకు త్వరగా రమ్ము." చూడండి, అది అర్జీలాగే ఉంది.

మాకు అర్జీ పని నిజంగానే ఉంది. మా సమాధుల తోటకు పోయే బండి దారిని పక్క చేను ఆసామి ఏటా రెండు సాళ్ళ చొప్పున దున్నుకుంటూ వచ్చాడు. జేజి పోయినప్పుడు పెట్టె మోసుకుని చేలో అడ్డంగా నడిచాం. కంది కొయ్యకాళ్ళు గుచ్చుకుని మోసేవాళ్ళ పాదాలు రక్తమయ్యాయి. బతుకంతా ఊరకున్న మనిషికి చివరి దారి కూడా లేకపోయింది. ఆ రోజు నుంచి నాకు ఆ ఆసామి మీద ఉన్నది కోపం అనే మాటకు సరిపోదు.

కాబట్టి మౌనంలో కళ్ళు మూసుకుంటే మొదట కనబడింది దేవుడు కాదు, ఆసామే. నాలుగు వారాలు ఆయనతో కొట్లాడాను, అన్నిసార్లూ నేనే గెలిచాను. ఐదో వారం ఎందుకో ఆయన రాలేదు. బదులుగా తోట కళ్ళ ముందుకొచ్చింది. అందులో మాలల సమాధులు ఒక వైపు, మాదిగల సమాధులు ఒక వైపు, మధ్యలో జిల్లేడు చెట్ల వరుస. ఆ వరుస మీద మేమెవరం ఏనాడూ అర్జీ పెట్టలేదు. ఆ సాయంత్రం ఇంటికి పోయి అన్నం సరిగ్గా తినలేకపోయాను.

ధ్యానం మనిషిని మెత్తబరిచి పోరాటం మాన్పిస్తుందని కొందరికి అనుమానం. అమెరికాలో బస్సుల్లో నల్లవాళ్ళను వేరుగా కూర్చోబెట్టడం మీద మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణ జరుగుతున్నప్పుడు, 1956 జనవరి 27 రాత్రి, మార్టిన్ లూథర్ కింగ్‌కు బెదిరింపు ఫోన్ వచ్చింది. నిద్ర పట్టక వంటింట్లో కాఫీ ముందు కూర్చుని, ఇక నావల్ల కాదని దేవుడి ముందు ఒప్పుకున్నాడు. అక్కడే ఆయనకు ధైర్యం దొరికింది. మూడు రోజులకు ఆయన ఇంటి మీద బాంబు పడింది. కోపంతో గుమిగూడిన జనానికి వసారాలో నిలబడి, ఆయుధాలు ఇంటికి తీసుకుపొమ్మని చెప్పాడు. బహిష్కరణ మాత్రం ఆపలేదు. 46వ కీర్తనకు ఇంతకంటే మంచి ప్రసంగం నేను వినలేదు.

అంత దూరం ఎందుకు, మన అనంతపురం చాలు. 1969లో ఇక్కడికి వచ్చిన ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ అప్పటికి యేసు సభ (జెస్యూట్లు అనే కాథలిక్ సన్యాసుల సంఘం) గురువు. మరుసటి ఏడు సభను వదిలాడు గానీ, ఆ సభలో తయారయ్యేవాళ్ళు 30 రోజులు మౌనధ్యానంలో కూర్చోవాలి. కరువు సీమలో ఆయన పనితో వచ్చిన బావులు, ఇళ్ళు, బత్తలపల్లి ఆసుపత్రి అందరికీ కనబడతాయి. వాటి కింద ఆ 30 రోజులు కూడా ఉన్నాయని నాకు అనిపిస్తుంది.

నిర్గమకాండం 14లో, ఐగుప్తు వెట్టి నుంచి బయటపడిన ఇశ్రాయేలీయులకు ఎర్ర సముద్రం ముందు, వెనక ఫరో రథాలు. 14వ వచనంలో మోషే, "మీరు ఊరకయే యుండవలెను" అంటాడు. 15వ వచనంలో దేవుడు, "నీవేల నాకు మొఱపెట్టుచున్నావు? సాగిపోవుడి" అంటాడు. ఈ రెండింటికీ మధ్య ఒక్క వచనం కూడా లేదు. ఇటుకలు చేసి చేసి అలిసిన వెట్టిజనానికి రెండు మాటలూ ఒకే గుక్కలో వచ్చాయి.

మేము అర్జీ మళ్ళీ రాశాం. మొదటి దాంట్లో ఉన్న తిట్లు తీసేసి సర్వే నంబరు, దారి వెడల్పు రాశాం. ఈసారి రెండు వైపుల వాళ్ళం సంతకాలు, వేలిముద్రలు పెట్టాం. ఆరు సోమవారాలు గ్రీవెన్స్‌కు తిరిగాం. సర్వేయరు వచ్చి గొలుసు పట్టి రాళ్ళు పాతాడు. మొదటి వాన తర్వాత చూస్తే ఒక రాయి లేదు. మళ్ళీ సోమవారం పోవాలి.

తోటలో జిల్లేడు వరుస ఇంకా అట్లే ఉంది. గొడ్డలి తీసుకుపోదామని రెండుసార్లు అనుకున్నాం, ఎవరు ముందు వేటు వేయాలన్న దగ్గర ఆగిపోయాం. ఈ శనివారం సాయంత్రం ఆరింటికి కూర్చుంటున్నాం.