గోబీకి కాపలా ఎవరు?

కువైట్‌లో శుక్రవారం పొద్దున 6 గంటలంటే, కోరుట్ల దగ్గర మా ఊళ్ళో ఎనిమిదిన్నర. మా అవ్వ చాయ్ తాగి, నా భార్య డెయిరీలో పాలు పోసి వచ్చి, ఇద్దరూ అరుగు మీద కూర్చునే వేళ. దసరా దాటాక రెండు మూడు శుక్రవారాలు మా ఫోన్ ముచ్చట్లన్నీ కూరగాయల మీదే. వరికీ పసుపుకూ పోగా బాయి పక్కన 10 గుంటలు మిగులుతుంది. అందులో చలికాలం ఏమేం పెట్టాలో నేనే చెప్పాలనుకుంటాను. అనుకోవడం వరకే.

నేను పనిచేసేది వఫ్రాలో, సౌదీ సరిహద్దు వైపున్న ఒక మజ్రాలో. మజ్రా అంటే తోట. డ్రైవర్ వీసా అని పంపిన ఏజెంటు పుణ్యమా అని స్టీరింగు బదులు పార చేతికొచ్చింది. మొదటి ఏడాదంతా తిట్టుకున్నాను, తర్వాత అలవాటైంది. ఎండాకాలం ఇక్కడ ఆకు నిలవదు. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు బయట పని చేయించొద్దని సర్కారు రూలే ఉంది. అక్టోబరు రాగానే మనకు యాసంగి పనులు మొదలైనట్టే ఇక్కడా మొదలు. నేల ఉత్త ఇసుక, బోరు నీళ్ళు ఉప్పన. గొర్రె ఎరువు కలిపి, డ్రిప్ పైపులు పరిచి మళ్ళు చేస్తాం. జర్జీర్ అని ఘాటు ఆకు ఒకటి, కొత్తిమీరకు అన్నలాంటి బక్దూనిస్ ఒకటి, మెంతి, ముల్లంగి ఆరుబయటే. ఖియార్, అదే కీరదోస, మాత్రం ప్లాస్టిక్ ఇండ్లలో. జనవరిలో ఎడారి చలి మామూలుగా ఉండదు. పొద్దుగూకకముందే ఆ ఇండ్ల తలుపులు మూయడం నా డ్యూటీ.

ఇక్కడ నాకు బాగా వంటబట్టింది వెనక నుంచి లెక్కపెట్టడం. ఏ వారం ఎంత సరుకు కావాలో ముందు అనుకుని, అక్కణ్ణుంచి రోజులు తీసేసి విత్తుతాం. మెంతికూరకు నెల, ముల్లంగికి 45 రోజులు. ముల్లంగి మొత్తం ఒకేరోజు వేస్తే అంతా ఒకేసారి వస్తుంది, తినలేం, అమ్మలేం, ఆగితే బెండు పడుతుంది. అందుకని 20 రోజులకో మడి. ఇదంతా ఫోన్‌లో గొప్పగా చెబితే మా అవ్వ, "గది మాకు తెల్వదా కొడకా! బతుకమ్మను సాగనంపి అచ్చినంక ఒక మడి, దీపావళికి ఒక మడి, ఎల్లిగడ్డ పెట్టినంక ఒక మడి. గంతే గద!" అంది. క్యాలెండర్ తీసి చూస్తే ఆమె లెక్క నా లెక్కకు దాదాపు సరిపోయింది.

నేను నేర్పాననుకున్నదీ ఆమెదే. మొదటి చలికాలం ఇక్కడ ధనియాలు విత్తుతుంటే, నాతో ఉండే బంగ్లాదేశ్ అతను గింజలు అట్లాగే చల్లబోయాడు. ఆపి, సంచి మీద పోసి, చెప్పుతో మెల్లగా రుద్ది చూపించాను. గుండ్రటి గింజ టప్పుమని రెండు బద్దలవుతుంది. గట్టిగా తొక్కితే పొడి, మెల్లగా రుద్దితే ఒక్కో గింజకు రెండు మొలకలు. అతను నవ్వి తన చెప్పు కూడా విడిచాడు. చిన్నప్పుడు మా వాకిట్లో అవ్వ రోకలిబండతో చేసే పనే అది. చెప్పు మాత్రం నాది.

ఇక గోబీ సంగతి. రెండేళ్ళ కింద గోబీ పెట్టమని నేనే పట్టుబట్టాను. నా భార్య దుకాణంలో అడిగితే ఉన్న ప్యాకెట్ ఇచ్చారు. అది తొందరగా కాసే రకం, వానాకాలంలోనే నారు పోయాల్సింది. దాన్ని చలి ముదిరాక నాటితే మొక్క ఎదగకముందే పువ్వు పట్టింది. నిమ్మకాయంత పువ్వులు! వీడియో కాల్‌లో అరచేతిలో పెట్టి చూపిస్తూ, "గిది మీ కువైట్ గోబీనా?" అంది. గోబీ విత్తనం కొనేటప్పుడు ధర కన్నా ముందు అడగాల్సింది అది ఏ నెలలో పోసే రకమని. నాకు తెలుసు, ఆమెకు చెప్పడమే మరిచాను.

ఈసారి తీరిగ్గా కాగితం మీద గీసి ఫోటో పంపాను. టమాట 2 గుంటలు, గోబీ 2, చిక్కుడు, అల్సంద గెట్ల వెంట, ముల్లంగి మూడు విడతలు. సాయంత్రానికి నా భార్య జవాబు పంపింది.

"మంచిగ గీసినవ్. మరి కోతులో?"

నిజమే, మరిచిపోయాను. ఊరు విడిచి తొమ్మిదేళ్ళు. నేనున్నప్పుడు కోతులు గుట్ట మీదే ఉండేవి. ఇప్పుడు మంద మంద ఇండ్ల మీదికే వస్తున్నాయట. టమాట పచ్చిగా ఉండగానే కొరికి పారేస్తాయి, అల్సంద ఒక్క కాయ మిగలనీయవు, ముల్లంగి పీకి రుచి చూసి వదిలేస్తాయి. పసుపు ముట్టవు. మిరప, కాకర, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డల జోలికి పెద్దగా పోవు. "గోబీ పెడ్త. నువ్వచ్చి కాపలుంటవా?" అంది.

కాగితం మారింది. ఎల్లిగడ్డ 3 గుంటలు, రెబ్బ మొన పైకి ఉండేటట్టు జానెడులో మూడు నాలుగు. ఉల్లినారు ఇప్పుడు పోస్తే నెలన్నరకు నాటుడు. మిరప. ఇంటి గోడ పక్కన, కుక్క కట్టేసే చోట, మా మట్టుకు నాలుగు టమాట మొక్కలు. నేను గీసినదాంట్లో మిగిలింది మెంతి, పాలకూర, కొత్తిమీర మళ్ళే.

ఒక్క కోరిక మాత్రం చెప్పాను. సంక్రాంతికి సెలవడిగాను కాబట్టి, డిసెంబరు 15కు ఒక మెంతి మడి వేరేగా విత్తమని. పండుగకు సరిగ్గా నెల.

అటువైపు కాసేపు మాట లేదు. పోయినేడు కూడా అట్లాగే విత్తించాను. కఫీల్, అదే ఇక్కడి యజమాని, సెలవు ఇయ్యలేదు, ఆ మడి పూత పట్టి బర్రెల పాలైంది.

"టికెట్ ఫోటో పంపు," అంది. "అప్పుడు నానేస్త మెంతులు."