చండీగఢ్ సిమెంటు, మా ఇంటి ఎలివేషన్

పదకొండు దాటింది. అందరూ పడుకున్నారు. సాయంత్రం మరిది ఫోన్లో చూపించిన ఎలివేషన్ బొమ్మ, అంటే మా ఇంటి ముందు భాగాన్ని కొత్తగా మార్చే ప్లాను బొమ్మ, మాత్రం నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు, అందుకే రాసుకుంటున్నాను.

కాంట్రాక్టరు పంపించాడట. అందులో మామయ్య కట్టించిన ఇంటి ఆనవాలు ఒక్కటీ లేదు. కింద నుంచి పిట్టగోడ దాకా నీలం అద్దం. పక్కన ఏసీపీ అనే బూడిద రంగు అల్యూమినియం షీట్లు, వాటి అంచున ఎల్‌ఈడీ లైట్లు. గేటు స్తంభాలకి చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్. కిటికీల మీద సజ్జలు కొట్టేస్తారట. మెట్ల దగ్గర సిమెంటు జాలీలు తీసేసి అక్కడ కూడా అద్దమే పెడతారట.

మా ఇల్లు పడమటి ముఖం. రోడ్డు వైపు కనిపించేదంతా సాయంత్రం ఎండకి ఎదురు నిలబడేదే. ఆ జాలీలు మామయ్య దగ్గరుండి అచ్చులు పోయించినవి. ఎండాకాలం గదులన్నీ కాగిపోతున్నా ఆ మెట్ల దారిలో కాస్త గాలి ఆడుతుంది. చింతపండు గింజలు తీసినా, పిల్లలు పరీక్షలకి చదివినా అక్కడే.

"సాయంత్రం ఎండ నేరుగా లోపలికి కొడుతుంది అబ్బాయ్" అన్నాను. "అన్ని గదులకీ ఏసీలు పెడుతున్నాం కదా వదినా" అన్నాడు. తోడికోడలు "మందం కర్టెన్లు వేసుకుందాం అక్కా" అంది. కర్టెను దాకా వచ్చిందంటే ఎండ ఇంట్లోకి వచ్చేసినట్టే కదా. అద్దం దాటి లోపలికొచ్చిన వేడి మళ్ళీ తేలిగ్గా బయటికి పోదు. ఆపితే అద్దానికి బయటే ఆపాలి. ఈ పొద్దున్నే బ్యాంకులో చూసొచ్చాను. ముందంతా అద్దాలే, కౌంటర్లో అమ్మాయి మీద ఎండ పడకుండా ఏదో పాత ఫ్లెక్సీని తిరగేసి అద్దానికి టేపుతో అతికించారు. ఏసీ తిరుగుతూనే ఉంది, ఆ అమ్మాయి చున్నీతో మొహం తుడుచుకుంటూనే ఉంది. మా ఊళ్ళో కర్నూలు రోడ్డు పొడవునా ఇదే వరస. లక్షలు పోసి అద్దం పెట్టడం, తర్వాత దానికి ఏదో ఒకటి అడ్డం కట్టడం.

ఇదంతా చెప్తుంటే మరిది అన్న మాట ఇది: "చండీగఢ్ వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ వదినకి ఇదే ధ్యాస. ఏముందక్కడ, పూత కూడా వెయ్యని సిమెంటేగా." అందరూ నవ్వారు. అత్తయ్య కూడా నవ్వారు. నాకు గుచ్చుకున్నది అత్తయ్య నవ్వడమే. ఎందుకంటే ఆ సిమెంటు నీడలో కూర్చుని "అమ్మయ్య, ఇక్కడ ప్రాణం లేచొచ్చింది" అన్నది ఆవిడే. మరిది అసలు లోపలికే రాలేదు, సుఖ్నా సరస్సులో పడవ ఎక్కడానికి పోయాడు. చూడని మనిషి తీసిపారేస్తే, చూసిన మనిషి నవ్వి ఊరుకుంటే ఎట్లా?

సిమ్లా, మనాలి ప్యాకేజీలో చండీగఢ్ ఒక పూట ఆగడమే. మిగతా అందరూ రాక్ గార్డెన్ అన్నారు, సరస్సు అన్నారు. అసెంబ్లీ, సచివాలయం, హైకోర్టు ఒకచోట ఉండే క్యాపిటల్ కాంప్లెక్స్ చూడాల్సిందేనని పట్టుబట్టింది నేను. నాన్న కోసం. పంచాయతీరాజ్‌లో ఓవర్సీరుగా చేసినన్నాళ్ళూ ఏ ఊళ్ళో స్కూలు గది కట్టినా ముందు ఆయన చూసేది ఎండ ఏ మూల నుంచి పడుతుందని. పిల్లల పలకల మీద ఎండ పడకూడదు, గాలి మాత్రం ఆగకూడదు అనేవారు. చండీగఢ్‌కి రూపమిచ్చిన ఆర్కిటెక్టు లె కార్బూజియే పేరు నేను మొదట విన్నది నాన్న నోటి నుంచే. చండీగఢ్ చూడాలని ఆయనకి ఉండేది, కుదరలేదు.

అక్కడ మన ఇష్టం వచ్చినట్టు తిరగనివ్వరు. ఆధార్ చూపించి, పేర్లు రాయించుకుని, గైడు వెంట గుంపుగా నడవాలి. ఆయన హిందీలో చెప్పుకుంటూ పోతుంటే నేను అత్తయ్యకి తెలుగులో చెప్తూ నడిచాను. దేశ విభజనలో లాహోరు అటు వెళ్ళిపోయింది, ఇటు మిగిలిన పంజాబ్‌కి రాజధాని లేదు. మొదట ఆల్బర్ట్ మేయర్, మాథ్యూ నోవిట్స్కీ అని ఇద్దరు ప్లాను గీశారు. 1950లో నోవిట్స్కీ విమాన ప్రమాదంలో చనిపోయాడు. 1951లో లె కార్బూజియే వచ్చాడు, ఆయనతో పాటు ఆయనకి తమ్ముడి వరసైన పియర్ జన్నరే, ఇంగ్లండు నుంచి మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ దంపతులు. పెద్దాయన వచ్చి పోతూ ఉండేవాడు. ఏళ్ళ తరబడి అక్కడే ఉండి పని చేయించింది జన్నరే. ఆయన చనిపోయాక అస్థికలు ఆ సుఖ్నా సరస్సులోనే కలిపారు. మరిది పడవ ఎక్కింది ఆ నీళ్ళలోనే.

లాహోరు మాట వినగానే అత్తయ్య "మనకి మద్రాసు పోయినట్టు" అన్నారు. అత్తయ్యది కందుకూరు, వాళ్ళింట్లో పెళ్ళి బట్టలకి కూడా మద్రాసే పోయేవాళ్ళు. ఆ మాట నన్ను పట్టుకుంది. రాత్రి రూముకి పోయాక తేదీలు పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఆంధ్ర రాష్ట్రం మొదలైంది 1953 అక్టోబరు 1న, కర్నూలులో. చండీగఢ్‌ని రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించింది అదే నెల 7న. వారం కూడా తేడా లేదు. మనవాళ్ళు కర్నూలులో డేరాలు వేసుకుని ఆఫీసులు నడిపారు. హైకోర్టుని 1954లో గుంటూరులో పెట్టుకున్నారు. చండీగఢ్‌లో హైకోర్టు భవనం 1955లో పూర్తయింది, సచివాలయం 1958లో. మనం 1956లో హైదరాబాదుకి పోయాం, తర్వాత సంగతి అందరికీ తెలిసిందే. వాళ్ళకీ సుఖం లేదనుకోండి, 1966 నుంచి పంజాబ్, హర్యానా రెండూ అదే ఊరిని రాజధానిగా పంచుకుంటున్నాయి. ఇంటి గొడవకీ దీనికీ సంబంధం లేదని తెలుసు. కానీ రాజధాని గురించి ఎవరు మాట్లాడినా నాకు కర్నూలు డేరాలే గుర్తొస్తున్నాయి, ఎండలో ఆ గుడ్డ కింద కూర్చుని ఫైళ్ళు రాసిన గుమాస్తాలు గుర్తొస్తున్నారు.

అసెంబ్లీ గోడ దగ్గరికి వెళ్ళి చూశాను. సెంట్రింగ్ చెక్కల గుర్తులు అలాగే ఉన్నాయి. పలకకీ పలకకీ మధ్య సందులోకి కారిన సిమెంటు పాలు గట్టిపడి సన్నగీతలా నిలబడింది. చెక్క నార ఎటు సాగిందో తెలుస్తుంది, ఒకచోట చెక్కలోని ముడి కూడా గుండ్రంగా అచ్చుపడింది. ఆ చెక్కని ఎప్పుడో పొయ్యిలో పెట్టేసి ఉంటారు, దాని గుర్తు అరవై ఏళ్ళుగా గోడ మీద ఉంది. చెయ్యి పెట్టి నిమిరితే గరుగ్గా తగిలింది.

"లప్పం పెట్టలేదు, రంగు వెయ్యలేదు, డబ్బులు చాల్లేదా ఏంది?" అన్నారు అత్తయ్య. మన వైపు పూత వెయ్యని గోడ అంటే అదేగా అర్థం, పిల్ల పెళ్ళికో, ఆసుపత్రికో డబ్బు పోయి పని ఆగిపోయిందని. ఇక్కడ కావాలనే అలా వదిలారని చెప్పాను. ఇనుము కరువు, యంత్రాలు తక్కువ, మనుషులు మాత్రం కావలసినంతమంది ఉన్న కాలం. ఆడవాళ్ళు తట్టలు నెత్తిన పెట్టుకుని కాంక్రీటు మోశారు. ఆ మాట చెప్పాక అత్తయ్య ఇంకేం అనలేదు, తల ఎత్తి పైదాకా చూశారు.

హైకోర్టు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ నడవలేకపోయారు. మే నెల ఎండ. ఆ భవనానికి కప్పు మీద ఇంకో కప్పు ఉంటుంది, ఇంటికంతటికీ గొడుగు పట్టినట్టు. పై కప్పు ఎండని మోస్తుంది, రెండింటి మధ్య ఖాళీలోంచి గాలి పోతుంది, కింద కోర్టు గదుల కప్పు కాగదు. ముందు ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో మూడు పెద్ద స్తంభాలు. వాటి వెనక నీడలో గట్టు మీద కూలబడి, చెప్పులు విడిచి, పాదాలు నేల మీద ఆనించి, అప్పుడన్నారు ఆ మాట, ప్రాణం లేచొచ్చిందని. నాన్న పక్కన ఉంటే ఎంత సంతోషించేవారో. నాకు ఆ ప్రయాణంలో మంచు కూడా అంత గుర్తు లేదు.

ఇక్కడిదాకా రాసి లేచి మంచినీళ్ళు తాగొచ్చాను. ఇప్పుడు ఇంకో వైపు కూడా గుర్తొస్తోంది.

అత్తయ్య అంత అలిసిపోయింది ఎందుకు? అసెంబ్లీకీ హైకోర్టుకీ మధ్య ఉన్న ఆ బయలు వల్ల. ఒక చెట్టు లేదు, ఒక పందిరి లేదు, అంతా కాంక్రీటు నేల. అక్కడ కట్టాల్సిన గవర్నరు భవనం కట్టనే లేదు. లోపల కూర్చునే జడ్జీకి, మంత్రికి ఎండ తగలకుండా అంత ఆలోచించిన మనిషి, నడిచి వచ్చేవాళ్ళకి నాలుగు వేపచెట్లు ఎందుకు తలచుకోలేదు? చిన్నది ఆ నేల మీద కాళ్ళు కాలుతున్నాయని ఏడ్చింది. ఓపెన్ హ్యాండ్ అనే పెద్ద చేతి బొమ్మ దగ్గర కాసేపు ఊరుకుంది. 26 మీటర్ల ఎత్తున ఉండే ఆ చెయ్యి గాలికి తిరుగుతుందట, ఆ పూట గాలే లేదు. లె కార్బూజియే పోయింది 1965లో, దాన్ని నిలబెట్టింది 1985లో.

సచివాలయం 254 మీటర్ల పొడవు. ముందంతా ఎండకి అడ్డంగా నిలువు పలకలు, అడ్డ పలకలు. ఈ కాంప్లెక్స్‌ని యునెస్కో 2016లో వారసత్వ కట్టడాల్లో చేర్చింది కూడా. అయినా ఆ పలకల మధ్య ఏసీ డబ్బాలు బిగించుకున్నారు. నా పక్కన నడిచే పెద్దమనిషి కాంక్రీటు పగలంతా వేడి పీల్చుకుని రాత్రి వదులుతుందని అన్నాడు. మా మిద్దె గదిలో పడుకునేవాళ్ళకి ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు. అంటే మరిది ఏసీ మాట అంత తీసేయాల్సింది కాదేమో.

ఇంకోటి. ఈ లె కార్బూజియేనే 1933లో పారిస్‌లో దిక్కులేనివాళ్ళ కోసం సాల్వేషన్ ఆర్మీ అనే సేవాసంస్థ వాళ్ళకి కట్టిన భవనానికి ముందంతా తెరవడానికి వీల్లేని అద్దాల గోడ పెట్టాడు. అనుకున్న చల్లదనపు యంత్రాలు రాలేదు. వేసవిలో లోపలివాళ్ళు ఉడికిపోయారు. తర్వాత దానికి బయట ఎండ ఆపే పలకలు కట్టాల్సి వచ్చింది. చండీగఢ్‌కి వచ్చేసరికి ఎండని అద్దానికి బయటే ఆపడం పూర్తిగా వంటబట్టింది. అంత పెద్దాయనే అద్దం మోజు దాటి వచ్చాడు. మరిదికి కూడా కోపంగా కాకుండా నిదానంగా చెప్పాలి, వింటాడు. వాడు మొండివాడు కాదు.

సజ్జల సంగతి కూడా ఆలోచిస్తే, నేను అంత పట్టుబట్టాల్సింది వాటి మీద కాదనిపిస్తోంది. దక్షిణం వైపు సజ్జ బాగా పని చేస్తుంది, అక్కడ సూర్యుడు పైన ఉంటాడు. పడమర అలా కాదు. నాలుగు దాటితే ఎండ ఏటవాలుగా సజ్జ కిందనుంచే దూరిపోతుంది. మా ముందుగదిలో మంచం కాళ్ళ దాకా వస్తుంది, ఇన్నేళ్ళుగా చూస్తున్నదే. "ఆ సజ్జలు ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే వదినా" అని మరిది అన్నది పడమటి వరకు నిజమే. కానీ జాలీ అలా కాదు. దానికి పైన అడ్డం ఉంది, పక్కల అడ్డం ఉంది, లోతు ఉంది. ఎండ ఏ వాలులో వచ్చినా సిమెంటుకి తగిలి చాలావరకు ఆగుతుంది, సందుల్లోంచి గాలి మాత్రం వస్తుంది. సచివాలయం ముందు అంత పెద్దగా కట్టింది ఏదో, మామయ్య మా మెట్ల దగ్గర చిన్న అచ్చుల్లో పోయించింది అదే. అత్తయ్యకి ఈ మాట చెప్పాలి, మామయ్య పేరు వస్తే ఆవిడ నవ్వి ఊరుకోరు.

మా ఆయన్ని లేపి చెప్పాను. "పొద్దున మాట్లాడదాం, పడుకో" అన్నారు. ఎప్పటిలాగే.

సరే, నా లెక్క ఇది. గేటు స్తంభాలకి గ్రానైట్ వేసుకోమంటాను, మన జిల్లా రాయి, అందంగానే ఉంటుంది. అద్దం అంత కావాలంటే ఉత్తరం గోడకి పెట్టుకోమంటాను. పడమటి సజ్జలు వదిలేస్తాను, వాటి బదులు ముందుగది కిటికీలకి కూడా జాలీ కట్టించమంటాను, అచ్చులు ఇప్పుడు కూడా దొరుకుతాయి. ఎల్‌ఈడీ లైట్ల గురించి నాకు పట్టింపు లేదు. మెట్ల దగ్గర మాత్రం సుత్తి పడనివ్వను. కాంట్రాక్టరు రేపు పొద్దున వస్తానన్నాడట, వద్దని సాయంత్రం నాలుగున్నరకి రమ్మంటాను. ముందు బ్యాంకు దాకా తీసుకెళ్ళి ఆ ఫ్లెక్సీ చూపించి, తర్వాత తీసుకొచ్చి మా మెట్ల మీద కూర్చోబెడతాను. అడుగుకి ఎంత అనే మాట ఆ తర్వాతే.